ఉమ్మడి లెన్స్

"అన్నా, జర చెయ్యి తీయండ్రి. అది నాది."

మహిత ఆ మాట అన్నప్పుడు ఆ అన్న ముఖం కూడా చూడలేదు. ఆమె చూపంతా గాజు బల్ల మీదున్న లెన్స్ మీదే ఉంది. నల్లగా, పొట్టిగా ఉందది. ముందున్న అద్దం కొంచెం ఉబ్బి ఉంది. బయట వాన పడుతోంది. హనుమకొండ చౌరస్తా మొత్తం, ఆటోలూ గొడుగులూ మిర్చీబండీతో సహా, గోరంత అయిపోయి ఆ అద్దంలో మెరుస్తోంది.

"మీదా? పేరు రాసున్నదా దాని మీద?"

అప్పుడు తలెత్తి చూసింది. తడిసిన జుట్టు, చంకలో హెల్మెట్, వానకు ఒంటికి అంటుకుపోయిన చొక్కా. కళ్లలో మాత్రం నవ్వు. లెన్స్ మీద నుంచి ఒక్క వేలు కూడా కదల్లేదు.

"పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన. అంకుల్, పక్కకు పెడ్త అన్నరు కదా?"

"నేను ఎండాకాలంలనే చెప్పిన. ఏ వైడ్ యాంగిల్ లెన్స్ వచ్చినా నాకే అని. అంకుల్, సరే అన్నరా లేదా?"

కొట్టు యజమాని యోసేపు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఆ వీధిలో కెమెరాలు బాగుచేసే కొట్టు ఆయనదొక్కటే.

"ఇద్దరికీ అన్న. గదే వచ్చింది తిప్పలు."

మహితకు ఏడుపొచ్చినంత పనైంది. కొత్త లెన్స్ ధర చూసిన రోజే దాని మీద ఆశ వదులుకుంది. ఆమె కెమెరానే సెకండ్‌హ్యాండ్‌ది. కొత్త లెన్స్ ఖరీదు ఆ కెమెరా కంటే ఎక్కువ. ఆన్‌లైన్‌లో వెతికితే కరీంనగర్‌లో ఒకతని దగ్గర దొరికింది కానీ అద్దం లోపలంతా బూజు పట్టి ఉంది. ఇంకొకతను అడ్వాన్స్ పంపమని, పంపనంటే మాట్లాడటం మానేశాడు. పొద్దున యోసేపు "పెండ్లి ఫొటోలు తీసేటాయన ఒకాయన పాతది ఇచ్చిపోయిండు బిడ్డా, మంచిగున్నది, నీకు అందుతది" అన్నప్పుడు, స్కూల్లో కంప్యూటర్ క్లాసు మధ్యలో ఉన్న మహిత టీచరమ్మ పిల్లల ముందే చప్పట్లు కొట్టింది.

"మీకు దేనికి అసలు?" అంది అతనితో.

"ఇండ్ల ఫొటోలు తీస్త. అమ్మకానికున్న ఫ్లాట్లు. బిల్డర్లు, బ్రోకర్లు పిలుస్తరు."

"అంటే అగ్గిపెట్టెంత హాలును ఫంక్షన్ హాలు లెక్క చూపెడ్తరు."

"చూపెట్టకపోతే ఎవ్వలూ రారు కదా. మరి మీకు దేనికో?"

"మా అమ్మ, బాపు ఇద్దరూ ఒక్క ఫొటోల పట్టాలె."

అతను నవ్వేశాడు. "ఫోన్‌ల పట్టరా? గంత పెద్దగుంటరా?"

మహిత నవ్వలేదు. "మగ్గం పెద్దది. మాది కొత్తవాడ. షత్రంజీలు, గదే జంపఖానాలు, నేస్తరు మా వాళ్లు. అర్ర నిండ మగ్గమే. నేను గోడకు వీపు ఆనిచ్చి నిలబడ్డా సగమే వస్తది. బాపు వస్తే అమ్మ రాదు, అమ్మ వస్తే బాపు రాడు. ఇద్దరు పక్కపక్కకు కూసొని నేసే పెద్ద షత్రంజీ ఇదే ఆఖరిది. అమ్మ చేతులు నొస్తానయ్. దీని తర్వాత చిన్నయే ఇగ, బాపు ఒక్కడే."

అతని నవ్వు ఆగిపోయింది. మెల్లగా లెన్స్ మీద నుంచి చెయ్యి తీశాడు. తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు.

మహిత ఆ చేతినే చూసింది. ఎందుకో లెన్స్ అందుకోబుద్ధి కాలేదు.

యోసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నీ కెమెరా, ఆయన కెమెరా ఒక్క కంపెనీవే. ఇద్దరికీ పడ్తది. కలిసి కొనుక్కోండ్రి. ఒక వారం నీ దగ్గర, ఒక వారం ఆయన దగ్గర. ఇద్దరికీ అగ్గువకు వస్తది."

"ముఖం తెలువనోళ్లతోని భాగమా అంకుల్?"

"నాకు తెలుసు కదా. మంచి పిలగాడు. పేరు సారంగపాణి."

మహిత పెదవి కొరుక్కుంది. ఆగలేదు. నవ్వు వానలా వచ్చి పడింది.

"సారంగపాణా? పేరు వింటే ధోవతి కట్టుకొని, కండువా ఏసుకొని..."

"మా తాత పేరు. నవ్వుడు అయిపోయిందా?"

"కాలే. ఇంకింత ఉన్నది."

అలా ఒక లెన్స్‌కు ఇద్దరు యజమానులయ్యారు.

*

ఆదివారం మార్పిడి. మొదటి రెండు సార్లూ యోసేపు కొట్టులోనే జరిగింది. లెన్స్ ఇచ్చి, పుచ్చుకుని, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. మూడోసారి మహిత దాన్ని ఒక చిన్న సంచిలో పెట్టి తెచ్చింది. షత్రంజీ ముక్కతో కుట్టిన సంచి, ఎరుపూ నీలం గళ్లు.

"ఇదేంది?" అన్నాడు పాణి.

"చలి పెడ్తదని."

అతను సంచిని రెండు చేతుల్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం మహిత ఫోన్‌లో మొదటి మెసేజ్ వచ్చింది. "లెన్స్ మంచిగ ఇల్లు చేరింది. ఫికర్ చేయకు."

"తిన్నదా?" అని పెట్టింది మహిత, తనలో తను నవ్వుకుంటూ.

"తిన్నది. పండుకున్నది."

అప్పటి నుంచి అదే భాష అయింది వాళ్లకు. "లెన్స్ ఏం చేస్తాంది?" అంటే నువ్వేం చేస్తున్నావని. "లెన్స్‌కు ఇయ్యాల మనసు మంచిగ లేదు" అంటే స్కూల్లో హెడ్‌మాస్టర్ ఏదో అన్నాడని. "లెన్స్ వానల తడువొద్దు" అంటే గొడుగు మర్చిపోవద్దని. ఒక్కొక్కసారి లెన్స్ తన దగ్గరే ఉన్నా మహిత "లెన్స్ ఎట్లున్నది?" అని అడిగేది. పాణి కూడా తడుముకోకుండా జవాబిచ్చేవాడు.

ఒక ఆదివారం పాణి అన్నాడు. "నీకు దాంతోని తీసుడు సరిగ వస్తలేదు. గోడలన్నీ వంకర పోతానయ్. కోటకు పోదాం పా. నేర్పిస్త."

వరంగల్ కోటలో ఆ పొద్దున జనం పలుచగా ఉన్నారు. తుంపర పడీ పడనట్టు పడుతోంది. తడిసిన గడ్డి మీద విరిగిన రాతి హంసలూ, పూలూ, ఏనుగు తొండాలూ ఎవరో ఆడుకుని వదిలేసినట్టు పడి ఉన్నాయి. వాటి మధ్య రాతి తోరణం ఆకాశంలోకి లేచి నిలబడి ఉంది. మబ్బులు దాని కింది నుంచి నడిచిపోతున్నట్టు కనిపించాయి.

మహిత చాలా వెనక్కి వెళ్లి నిలబడి కెమెరా ఎత్తింది.

"గంత దూరం పోకు," అని అరిచాడు పాణి. "గీ లెన్స్‌తోని దూరముంటే అన్నీ చిన్నగ కనబడ్తయ్. ఏం తీసినమో తెల్వదు. దగ్గరికి రావాలె."

ఆమె నాలుగడుగులు వేసింది.

"ఇంకా దగ్గరికి."

ఇంకో నాలుగడుగులు. తోరణం మొత్తం కెమెరాలో విచ్చుకుంది. స్తంభాలు, వాటి మీది చెక్కడాలు, పైన మబ్బు. మహిత మీట నొక్కింది.

"అన్నా! మొత్తం వచ్చింది!"

"ఒక్క మాట," అన్నాడు పాణి. అతని గొంతు చాలా దగ్గర్నుంచి వినిపించింది. "అన్నా అనకు."

కెమెరా కళ్ల దగ్గరి నుంచి తీయకుండానే అడిగింది. "మరేమనాలె? సారంగపాణి గారూ అననా?"

"పాణి అను చాలు."

తుంపర పెద్దదైంది. ఇద్దరూ పరుగెత్తి ఒక చెట్టు కింద చేరారు. కెమెరా తడవకుండా మహిత చున్నీ కప్పింది. ఆమె కనురెప్పల మీద ఒక చుక్క నిలిచింది. పాణి దాన్ని చూశాడు. చూసి, చటుక్కున తోరణం వైపు తిరిగాడు.

"నాకు గీ జాగా అంటే మస్తు ఇష్టం," అన్నాడు. "ఎందుకో తెలుసా? ఇక్కడ ఏదీ అమ్మకానికి లేదు. పొద్దంత నేను తీసేటియన్నీ అమ్మకానికున్నయే. బెడ్‌రూమ్, బాల్కనీ, బాత్‌రూమ్ కూడా. ఎప్పటికన్న అమ్మకానికి లేనియి తీయాలె."

"తియ్యి మరి. ఎవలొద్దన్నరు?"

"భాగస్తురాలు పర్మిషన్ ఇయ్యాలె కదా. సగం లెన్స్ ఆమెదే."

మహిత నవ్వి తల తిప్పుకుంది. వాన తగ్గితే బాగుండునని ఇద్దరిలో ఒక్కరికీ అనిపించలేదు.

*

కొత్తవాడ ఇంట్లో ఆ పెద్ద షత్రంజీ మూడు వంతులకు పైగా అయింది. హనుమకొండలోని ఒక సంగీత పాఠశాల వాళ్లు పిల్లలు కూర్చుని పాడుకునే హాలు కోసం నేయించుకుంటున్నారు. ముదురు ఎరుపు, మధ్యలో నీలం, అంచుల్లో పసుపు.

"ఫొటో తీసేటాయన వస్తాండు బాపూ," అని చెప్పింది మహిత ముందు రోజే, వీలైనంత మామూలుగా.

"నీకు కెమెరా ఉండంగ ఇంకొకలెందుకు?" అన్నాడు లింగమూర్తి.

"వంకర రాకుండ తీసుడు ఆయనకే వస్తది."

శ్యామలమ్మ కూతురి ముఖం వైపు ఒకసారి చూసి, దారపు ఉండ చుట్టుకుంటూ కూర్చుంది.

పాణి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు వదిలి, నమస్కారం పెట్టి, ఏమని పిలవాలో తెలియక తికమక పడ్డాడు. కాకా అంటే మహిత చెల్లెలైపోతుంది. మామా అంటే ఇప్పుడే తంతారు. "అంకుల్" అని గట్టెక్కాడు.

"పేరేంది?"

"సారంగపాణి, అంకుల్. మా తాత పేరు."

లింగమూర్తి చేతిలోని పంజా ఆగింది. పంజా అంటే పోగులను దగ్గరికి కొట్టే ఇనుప దువ్వెన. "ఏ సారంగపాణి? రంగుల సారంగపాణా? మా సొసైటీకి నూలు అద్దేటాయన?"

"అవ్ అంకుల్."

"అరె! ఆయన అద్దిన ఎరుపు సూస్తే కండ్లు నిండేటియి. మా నాయిన ఆయన తప్ప వేరే వాళ్ల నూలు ముట్టకపోతుండె." లింగమూర్తి భార్య వైపు తిరిగాడు. "శ్యామలా, చాయ పెట్టు."

ఇంటికొచ్చిన మనిషికి లింగమూర్తి చెప్పకముందే చాయ పెట్టే శ్యామలమ్మ ఇవాళ మాత్రం ఆయన నోటి నుంచి ఆ మాట వినాలనే ఆగినట్టుంది. నవ్వుతూ లేచింది.

చాయ తాగాక ఇద్దరూ మగ్గం మీద కూర్చున్నారు. ఎడమ అంచు నుంచి ఆయన పోగును మధ్యదాకా తెస్తే, ఆమె అందుకుని కుడి అంచుకు తీసుకెళ్తుంది. తిరిగి ఆమె మధ్యదాకా తెస్తే ఆయన అందుకుంటాడు. ఒకరినొకరు చూసుకోరు. మాట్లాడుకోరు. చేతులు మాత్రం సరిగ్గా ఒకే చోటికి ఒకే వేళకు వస్తాయి. పెళ్లయిన నాటి నుంచీ అంతే.

పాణి గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద కూర్చుని, తన కెమెరాకు లెన్స్ బిగించి చూశాడు. చాలాసేపు నొక్కలేదు. మహిత అతని పక్కనే ఉంది.

"ఏమైంది?" అంది మెల్లగా.

"ఏం లేదు. జర చూస్తాన్న."

ఫొటో తెర మీద కనిపించినప్పుడు శ్యామలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మా అర్ర గింత పెద్దగుంటదా?"

నిజంగానే అది వేరే గదిలా ఉంది. కిటికీలోంచి వానకాలపు వెలుతురు పాలలా పరుచుకుంది. ఆ వెలుతురులో ఎర్రటి షత్రంజీ పొలంలా సాగిపోతోంది. దాని రెండు వైపులా ఇద్దరు మనుషులు, మధ్యలో వాళ్ల చేతులు. లింగమూర్తి కెమెరా తీసుకుని కంటికి ఆనించి తన గదిని తనే ఒకసారి చూసుకున్నాడు. పాణి ఏ మీట నొక్కాలో చూపించాడు. ఆయన నొక్కలేదు, తిరిగి ఇచ్చేశాడు. ఆ వారం వంతు మహితది కాబట్టి పాణి లెన్స్ విప్పి ఆమెకే ఇచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా పాణి ఆ ఫొటో చూస్తూనే ఉన్నాడు. చూసి చూసి, ఆపుకోలేక, తన ఫొటోల పేజీలో పెట్టాడు. కింద ఏమీ రాయలేదు. రాయడానికి మాటలు దొరకలేదు.

*

మర్నాడు మహిత స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు కారు ఆగి ఉంది. గళ్ల చొక్కా మనిషి ఒకడు లింగమూర్తితో మాట్లాడుతున్నాడు.

"ఇల్లు జర లోపటికెళ్లి సూస్తం పెద్దమనిషీ. ఫొటోల మంచిగున్నది. రేటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

"ఇల్లు అమ్ముతామని మీకెవలు చెప్పిండ్రు?"

"ఆన్‌లైన్‌ల పెట్టిండ్రు కదా. మగ్గం సూసి కొత్తవాడకు వచ్చి, ఫొటో చూపెట్టి అడిగితే మీ ఇల్లే అన్నరు."

కారు వెళ్లిందో లేదో పక్కింటి మొగిలమ్మ వచ్చింది. "ఏం శ్యామలా, ఇల్లు అమ్ముకొని పోతాన్రట. నాకొక్క మాట చెప్పకపోతివి." ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆ వీధిలో చాలా ఇళ్లలో మగ్గాలు పీకేసి గదులు అద్దెకిచ్చారు. లింగమూర్తిని కూడా ఎందరో అడిగారు. ఆయన ఎవరికీ తల వంచలేదు. అలాంటి మనిషి ఆ సాయంత్రం వీధరుగు మీద కూర్చోలేదు, అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "నా ఇల్లు బజార్ల వడ్డది," అని ఒక్క మాట అన్నాడు.

మహిత ఫోన్ తీసి చూసింది. పాణి పేజీలో ఫ్లాట్ల వరుస. మధ్యలో తన అమ్మ, బాపు. కింద ఎవరెవరో రాసిన మాటలు. "సూపర్ హాల్ భయ్యా, రేటెంత?" "కార్నర్ బిట్టేనా?" "మగ్గం తీసేసి ఇస్తరా?"

వెంటనే ఫోన్ చేసింది.

"నీ కంటికి అన్నీ అమ్మకానికే కనబడ్తయా పాణీ?"

"ఏమైంది మహితా?"

"మా ఇంటికి బ్రోకర్ వచ్చిండు. మగ్గం తీసేసి ఇస్తరా అని అడుగుతాన్రు. నువ్వు పెట్టిన ఫొటో కిందనే."

"నేను గట్ల అనుకోని పెట్టలే. ఫొటో మంచిగొచ్చిందని..."

"మాకు ఒక్క మాట చెప్పినవా? బాపు అన్నం తినలే. లెన్స్ యోసేపు అంకుల్ దగ్గర ఇస్త. మొత్తం నువ్వే ఉంచుకో. ఇండ్లను పెద్దగ చేసి అమ్మనీకె పనికొస్తది."

అతను ఇంకేదో అంటుండగానే పెట్టేసింది.

గళ్ల సంచిలో లెన్స్ పెట్టి బల్ల మీద ఉంచినప్పుడు యోసేపు కళ్లద్దాలు దించుకున్నాడు. "ఏమన్న ఖరాబున్నదా బిడ్డా దీన్ల?"

"లెన్స్ మంచిదే అంకుల్," అంది మహిత. అక్కడ ఇంకొంచెం నిలబడితే ఏడ్చేసేదే.

ఆ వారమంతా వాన పడింది. ఆదివారం వచ్చింది, ఎక్కడికీ వెళ్లే పని లేకుండానే గడిచింది. రోజూ సాయంత్రం చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. "లెన్స్ ఏం చేస్తాంది?" అని సగం రాసి చెరిపేసేది. కోటలో తీసిన ఫొటో తెరిచి చూస్తే తోరణం కింద ఒక మూల పాణి భుజం పడి ఉంది. అప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు ఆ భుజం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

దానికి తోడు శ్యామలమ్మ మణికట్టు వాచింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ కట్టు కట్టి, మగ్గం ముట్టొద్దన్నాడు. షత్రంజీ ఇంకా మూరెడు మిగిలే ఉంది. చిన్నప్పటి నుంచీ చూసిన పనే కాబట్టి స్కూలు అయ్యాక అమ్మ చోట్లో మహిత కూర్చుంది. తండ్రీకూతుళ్లు మాట్లాడుకోకుండా నేశారు.

శనివారం మధ్యాహ్నం మొగిలమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"శ్యామలా, ఎవలో పిలగాడు మన వాడకట్టంత తిరుగుతాండు. ఇంటింటికి పోయి 'లింగమూర్తి గారి ఇల్లు అమ్మకానికి లేదు, తప్పు నాది, ఫొటో నేనే అడగకుండ పెట్టిన' అని చెప్తాండు. ముసలోళ్ల పేరేదో చెప్పిండు, రంగులద్దే తాత మనుమడట. పోయిన కాడల్లా చాయ పోస్తాన్రు. వద్దనలేక తాగుతాండు. పాపం, కడుపు నిండి నడువలేకపోతాండు."

మహిత చేతిలోని పోగు జారిపోయింది.

కాసేపటికి పాణి గడప ముందు నిలబడ్డాడు. మెడలో కెమెరా, చేతిలో గళ్ల సంచి. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రాలేదు.

లింగమూర్తి పంజా పక్కన పెట్టాడు. "ఫొటో ఎందుకు పెట్టినవ్?"

"మంచిగొచ్చిందని, అంకుల్." పాణి మగ్గం వైపు చూశాడు. "మీ ఇద్దరి చేతులు అట్ల కలుసుడు చూసి... నేను గన్ని ఇండ్లు తీసిన, ఏ ఇంట్ల గంత మంచిగ అనిపియ్యలే. అందరికి చూపెట్టాలనిపించింది. నా పేజీ ఎటువంటిదో సోయి లేదు. అడగాల్సుండె. అడగలే. తప్పే. ఎవలెవలు అడిగిండ్రో అందరికీ ఫోన్ చేసి చెప్పిన. ఫొటో తీసేసిన."

మహిత తల ఎత్తలేదు.

"ఎందుకు తీసేసినవ్?" అన్నాడు లింగమూర్తి. "ఫొటో మంచిగనే ఉండె. అమ్మే ఇండ్ల నడుమ కాకుండ, మా బిడ్డకు ఇయ్యాల్సుండె. ఆమె చానా రోజుల నుంచి దాని కోసమే తిరిగింది."

పాణి సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఆడ నిలబడ్డవేంది, రా లోపటికి. నా అర్ర పెద్దగ చూపెట్టినవ్ కదా, ఇప్పుడు దీంట్ల పని ఎంత పెద్దదో సూడు." ఆయన నడుము పట్టుకుని లేచి, తన చోటు చూపించాడు. "ఈడ కూసో. బిడ్డ చెప్తది."

"బాపూ!" అంది మహిత.

"నా నడుము పట్టింది బిడ్డా. జర సేపు."

పాణి కెమెరా, సంచీ బల్ల మీద పెట్టి, తల తుడుచుకుని, మగ్గం ముందు కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక షత్రంజీ వెడల్పు. మహిత మాట్లాడకూడదనే అనుకుంది. కానీ పోగు అవతలికి పోవాలంటే మాట్లాడక తప్పదు.

"అందుకో."

అతను అందుకున్నాడు.

"గట్టిగ గుంజకు. అంచు లోపటికి పోతాంది."

"సరే."

"ఇప్పుడు పంజా. మెల్లగ."

అతను కొట్టాడు. ఒకవైపే కొట్టాడు. ఆమె నిట్టూర్చి, చెయ్యి చాపి, పంజా ఎలా పట్టాలో చూపించింది. వేళ్లు తగిలాయి. ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. కిటికీలోంచి వాన వాసన వచ్చింది.

చాలా పోగులయ్యాక, చూపు పని మీదే ఉంచి, మహిత అడిగింది. "లెన్స్ ఎట్లున్నది?"

"మంచిగ లేదు. తింటలేదు, పండుకుంటలేదు."

"మరి వాడకట్టంత చాయలు తాగిందట కదా."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వకుండా ఉండలేకపోయింది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మహితా," అన్నాడు పాణి చాలా మెల్లగా. "నిన్న యోసేపు అంకుల్ ఇంకొక లెన్స్ వచ్చిందని ఫోన్ చేసిండు. గిట్లాంటిదే, గింతే అగ్గువ. ఇద్దరికీ చెరొకటి అయితది అన్నడు."

ఆమె చేతులు ఆగాయి. "తీసుకున్నవా?"

"వద్దన్న. చెరొకటి అయితే ఆదివారం నిన్ను ఎట్ల కలువాలె? నాకు లెన్స్ కోసం ఆదివారం రావాలని లేదు. నీ కోసం రావాలని ఉన్నది. ఆదివారమే కాదు, రోజూ. నువ్వంటే నాకు ఇష్టం. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, గీ పోగు అయినంక లేచిపోత."

మహిత పోగును మధ్యదాకా తెచ్చింది. అతను అందుకున్నాడు. ఆమె మాత్రం వదల్లేదు.

"గా లెన్స్ వేరే వాళ్లకు ఇచ్చేయమని చెప్పు అంకుల్‌కు," అంది. "మనకు ఒకటి చాలు."

క్లిక్.

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగి చూశారు. లింగమూర్తి గోడకు వీపు ఆనించి, పాణి కెమెరాకు లెన్స్ తగిలించుకుని, ఒక కన్ను మూసి నిలబడి ఉన్నాడు. పక్కన కట్టు కట్టిన చేతితో శ్యామలమ్మ.

ఆయన తెర మీద ఫొటోను దూరంగా పట్టుకుని చూశాడు, తర్వాత భార్యకు చూపించాడు. శ్యామలమ్మ చూసింది. ఒక పోగును చెరోవైపు పట్టుకున్న ఇద్దరు పిల్లలు. చూసి, కూతురి దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి పెట్టింది.

"పిలగాడు పనిమంతుడేనా?" అని భర్తను అడిగింది.

"మగ్గానికైతే పనికిరాడు. అంచంత వంకర చేసిండు."

పాణి తల దించుకున్నాడు.

"కానీ ఇంటింటికి తిరిగి తప్పు నాదని చెప్పేటోడు ఈ రోజుల్ల ఎవడున్నడు?" లింగమూర్తి కెమెరాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. కూతురి ముఖంలోకి చూశాడు. ఆ గొంతు ఆమె చిన్నప్పుడు జ్వరమొస్తే వినిపించిన గొంతు. "నీకు ఇష్టమేనా బిడ్డా?"

"ఇష్టమే బాపూ."

ఆయన తల ఊపాడు. తర్వాత గొంతు సవరించుకుని పాణి వైపు తిరిగాడు.

"ఇంట్ల పెద్దోళ్లు ఎవలున్నరు?"

"అమ్మ ఉన్నది అంకుల్. కళావతి."

"రేపు తీసుకొని రా. మధ్యాహ్నం బువ్వ ఈడనే." అని వెళ్లబోతూ ఆగాడు. "ఇంక అంకుల్ ఏంది? మామా అను."

పాణి "సరే అంక..." అని నాలుక కరుచుకున్నాడు. "చాయ పెడ్త," అంటూ శ్యామలమ్మ నవ్వుతూ లోపలికి నడిచింది. చాయ అనే మాట వినగానే పాణి ముఖం మాడిపోవడం చూసి మహిత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ముందుగల్ల గా వంకర నేసిందంత విప్పుండ్రి ఇద్దరు," అన్నాడు లింగమూర్తి బయటి అరుగు మీదికి నడుస్తూ. ఆ కారు వచ్చి వెళ్లిన తర్వాత ఆయన అరుగు మీద కూర్చోవడం అదే మొదటిసారి. "సక్కగ మళ్ల నేయుండ్రి. తొందరేం లేదు."

మహిత ఒక్కో పోగూ విప్పుతుంటే పాణి ఉండ చుట్టసాగాడు. బయట వాన కొత్తవాడ కప్పులన్నిటి మీదా నింపాదిగా పడుతోంది.